ఆగిన చెయ్యి

సోమవారం సాయంత్రం షారన్ సంతకం కోసం తెచ్చిన లెక్కల పేపరు మీద యాభైకి పదకొండు అని ఉంది. మగ్దలీనమ్మ కళ్ళజోడు తీసి పైట కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. పదకొండే.

"పోయిన నెల నలభై ఆరు గదా అమ్మే."

"ఈసారి కష్టంగా ఇచ్చినారవ్వా."

"అందరికీ కష్టంగానే ఇచ్చినారా?"

షారన్ పెన్ను మూత తీసి, మనవరాలి కాగితాల మీద సంతకాలకు అలవాటైన అవ్వ చేతిలో పెట్టింది. తల్లి ఎవాంజెలిన్ తడ దగ్గర బూట్ల కంపెనీలో పని చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. నెలకో ఆదివారం వచ్చి, చర్చి అయ్యాక బండెక్కుతుంది. అందుకని పదో తరగతి కాగితాలన్నిటి మీదా అవ్వ సంతకమే.

మగ్దలీనమ్మ సంతకం వెంటనే పెట్టలేదు. పేపరు ఒక్కొక్క పేజీ తిప్పింది. ఆమెకు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. పొట్లాల కాగితాలు, చర్చి గోడ మీద రాసిన వచనాలు చూసి తనే కూడబలుక్కుంది. ఇప్పుడు తెలుగులో ఏదిచ్చినా చదువుతుంది. ఇంగ్లీషు మాత్రం పట్టుబడలేదు. అయినా కొట్టివేతలు చూడడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. తెలియక కొట్టేసిన చోట కాగితం నలుగుతుంది, గీత మీద గీత పడుతుంది. ఈ పేపర్లో అట్లా లేదు. ప్రతి లెక్క మీదా అడ్డంగా ఒకే గీత, స్కేలు పెట్టి లాగినంత తిన్నగా. గీత కింది అంకెలు గుండ్రంగా, తొణక్కుండా ఉన్నాయి. గీత పక్కన మళ్ళీ రాసినవి మాత్రం వంకరగా ఉన్నాయి.

ఆమె సంతకం పెట్టింది. పెడుతూ మనవరాలి మొహం చూసింది. ఏడుపు లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

శుక్రవారం బడి నుంచి రెండు పేర్లు నెల్లూరికి పోతాయి. అక్కడ హాస్టలుతో కూడిన ఆడపిల్లల కాలేజీలో ఇంటర్‌కి ఉచితంగా సీటు. శుక్రవారం పెట్టే ఆఖరి పరీక్ష చూసి పేర్లు రాస్తామని హెడ్మాస్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ సీటు కోసం మగ్దలీనమ్మ చర్చి స్త్రీల కూడికలో మూడు వారాలుగా ప్రార్థన పెట్టిస్తోంది. సీటొస్తే ఈ ఇంట్లో తను ఒక్కతే మిగులుతుందన్న సంగతి మాత్రం ఆమె ప్రార్థనలో చెప్పలేదు.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు, రోజూలాగే షారనూ తల్లీ వీడియోలో మాట్లాడుకున్నాక, మగ్దలీనమ్మ ఫోనుని బియ్యం డబ్బాలో దాచింది. షారన్ వెతకలేదు, అడగలేదు. అయితే చదువు చెడగొట్టేది ఫోను కాదు. దండెం మీద ఆరేసిన యూనిఫాం చున్నీ తీసి వాసన చూసింది. ఎండు చేపల వాసన. అంచున తెల్లటి సుద్దపొడి. స్టడీ అవరు ఆరింటి దాకా ఉంటుందని షారన్ రోజూ చెబుతుంది. బడికీ ఇంటికీ మధ్య ఎండు చేపలు ఎక్కడున్నాయి? ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన బండ్ల మీద కూర్చుని పాటలు పెట్టుకునే మగపిల్లల మొహాలన్నీ ఆమె ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ఒక్కొక్క మొహాన్నీ అనుమానించింది.

*

మంగళవారం ఆమె బడికి పోయింది. మధ్యాహ్న భోజనం పొయ్యి ఇంకా రగులుతోంది, పొగ వరండా మీదికి పోతోంది. ఆ పొగలో నాలుగు బెంచీలు. పదో తరగతి గదిలో ఫ్యాన్ల కింద ఇరవై మందిదాకా ఉన్నారు. వరండాలో పన్నెండు మంది. వరండాలో వాళ్ళకి గదిలోని బోర్డు కిటికీ ఊచల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఆఖరి బెంచీలో షారన్ ఉంది. పక్కన జాలర్ల పల్లె పట్టపుపాళెం పిల్ల రోజారమణి. పొడుగ్గా, బక్కగా, వేళ్ళ నిండా ఉప్పుకు చిట్లిన గీతలతో.

లెక్కల మాస్టారు కిషోర్ బాబు మర్యాదగానే మాట్లాడాడు. సంక్రాంతి సెలవుల తర్వాత పిల్లలని మార్కుల ప్రకారం విడదీశామని, పాసయ్యేవాళ్ళు లోపల, కష్టమనిపించిన వాళ్ళు వరండాలో అని, వాళ్ళకి వేరేగా పది ప్రశ్నలు బట్టీ పట్టిస్తున్నామని చెప్పాడు. తమ మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉందన్నాడు. రోజారమణి మొదటి రోజునుంచీ వరండాలోనే ఉంది. షారన్ లోపల మొదటి బెంచీలో ఉండేది. ఈ పరీక్షలో మార్కులు జారాయి, పోయిన వారం రూలు ప్రకారం తనూ బయటికొచ్చింది. ఒక్క మాట కూడా అనకుండా సంచి తీసుకుని వచ్చేసిందట.

"ఆ రోజారమణి స్నేహం వదిలించండమ్మా. మీ పిల్ల తనంతట తానే లేస్తుంది," అన్నాడు. "రోజారమణి రోజూ రాకపోయినా పర్లేదని వాళ్ళమ్మకి కూడా చెప్పినాను. హాల్ టికెట్ నాడొస్తే చాలు."

ఆయన గొంతు తగ్గించలేదు. నాలుగడుగుల దూరంలో రోజారమణి బెంచీ మీద పడిన బూడిదని చేత్తో తుడుస్తోంది. ఆ మాట విని కూడా తుడవడం ఆపలేదు. తన వైపు తుడిచాక షారన్ వైపు కూడా తుడిచింది.

మగ్దలీనమ్మ దాన్ని చూసింది గాని అప్పుడు పట్టించుకోలేదు. నిన్నటి నుంచి గాలిలో తిరుగుతున్న ఆమె అనుమానానికి ఒక మొహం దొరికింది. తిరిగొచ్చే దారంతా ఆమెకు కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. మగపిల్లాడు కాదు, ఫోను కాదు, ఈ పిల్ల. ఏం ఆశ పెట్టిందో, ఏం భయపెట్టిందో, తనతో పాటు షారన్‌ని కిందికి లాక్కుపోతోంది.

*

బుధవారం ఐదింటికి బడి గేటు తెరుచుకుంది. మగ్దలీనమ్మ సోడా బంకు వెనక నిలబడింది. ఆడపిల్లలిద్దరూ ఇంటి దారి పట్టలేదు. హార్బరు రోడ్డు వెంట, ఎండేసిన వలలు దాటి, వలల షెడ్డు వెనక్కి పోయారు. ఆమె దూరంగా, పైట తల మీదికి లాక్కుని నడిచింది.

షెడ్డు వెనక బోర్లించిన ఫైబరు పడవ ఉంది. రంగు వెలిసిన దాని నీలం పొట్ట మీద సుద్దముక్కతో అంకెలు. రాస్తున్నది రోజారమణి. షారన్ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తి చూస్తోంది. మగ్దలీనమ్మ వలల గుట్ట పక్కన ఆగిపోయింది.

"మైనస్‌ని అవతలికి తీసుకుపోతే ఏమవుద్ది?" రోజారమణి అడిగింది.

"మైనస్సే గదా."

"నీ మొహం. ప్లస్ అవుద్ది. ఆడపిల్ల గడప దాటినాక ఇంటిపేరు మారదా? అట్టనే. చర్చిలో వాక్యాలు గడగడా అప్పజెప్తావంట, ఇంత మాత్రం తెలీదా మే?"

షారన్ నవ్వింది. సుద్దముక్క తీసుకుని కింద వరస రాయబోయి ఆగింది. చెయ్యి పడవ మీద అట్లాగే నిలిచింది. రోజారమణి నడుం మీద చేతులు పెట్టుకుని, మాస్టారిలా నాలుక చప్పరించి, ఆ వరస తనే పూర్తి చేసింది. తప్పు లేకుండా చివరి అంకె దాకా పోయింది. కింద రెండు గీతలు గీసి, వెనక్కి రెండడుగులు వేసి చూసుకుంది. తను వేసిన ముగ్గుని చూసుకున్నట్టు చూసుకుంది.

మగ్దలీనమ్మ లెక్క చూడడంలేదు. షారన్ చేతిని చూస్తోంది. చెయ్యి ఆగిపోయినప్పుడు కళ్ళు కూడా ఆగాలి. తెలియని మనిషికి రెండూ ఒకేచోట ఆగుతాయి. షారన్ చెయ్యి మైనస్ దగ్గరే ఉంది, కళ్ళు మాత్రం రెండు వరసలు కిందికి పోయి అక్కడ కూర్చుని ఎదురుచూస్తున్నాయి.

ఆ చూపు ఆమెకు తెలుసు. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే రోజుల్లో ఐసునీళ్ళ మీద తన చూపు కూడా అట్లాగే ఉండేది. ఎవరి టబ్బు బరువు అందరికంటే తక్కువ తూగితే వాళ్ళని మర్నాడు రావద్దనేవాళ్ళు. పక్కన కూర్చునే చెంచులక్ష్మికి వేళ్ళు తొందరగా కదిలేవి కావు. మగ్దలీనమ్మ చేతిలో ఒక రొయ్యని పట్టుకుని ఊరికే తిప్పుతూ ఉండేది. కళ్ళు మాత్రం తర్వాతి పది రొయ్యల మీద ఉండేవి. సూపర్‌వైజరు అటు తిరిగినప్పుడు గుప్పెడు ఒలిచినవి చెంచులక్ష్మి టబ్బులోకి జారేవి.

ఆమె ఇంటికి వచ్చేసింది. షారన్ ఆరింటికి వచ్చి, స్టడీ అవరు ఇప్పుడే వదిలారని చెప్పింది.

*

గురువారం పొద్దున జడ వేస్తూ అడిగింది. జడ వేసేటప్పుడు అడిగితే తప్పించుకోలేదు, మొహం చూడాల్సిన పనీ ఉండదు.

"వేణ్ణీళ్ళలో చెయ్యి పెట్టినదాన్ని కాదు నేను. ఐసునీళ్ళలో పెట్టినా. నిన్న పడవ కాడ నువ్వు తెలిసీ చెయ్యి ఆపినావు."

షారన్ మెడ బిగుసుకుంది. రిబ్బను ముడి పడ్డాక మెల్లిగా చెప్పింది. తను రోజారమణికి చెబితే వినదట, నాకు రాదులే అని ముందే అనుకుని నిద్రపోతుందట. షారనే తనకి రాదంటే మాత్రం, రోజారమణి ఇంటికి పోయి పుస్తకం చూసుకుని మరీ వచ్చి చెబుతుందట. ఇరవై రోజుల్లో నాలుగు పాఠాలు నేర్చుకుంది. కానీ తను లోపల బెంచీలో కూర్చుని నలభై ఆరు తెచ్చుకుంటూ, నాకు రాదంటే ఎవరు నమ్ముతారు?

"రేపటి లిస్టు?"

"పోతే పోనీలే అవ్వా."

"మీ అమ్మ పగలంతా నిలబడి బూట్లకి జిగురు పూస్తుండేది ఇందుకేనా?"

షారన్ సంచి భుజానికేసుకుంది. గడప దగ్గర ఆగి, "దానికి చెప్పబాక అవ్వా. తెలిస్తే రేపట్నించి బడికే రాదు," అంది.

మగ్దలీనమ్మ చెప్పనని అనలేదు.

మధ్యాహ్నం స్త్రీల కూడికకి పోవాల్సిన వేళ ఆమె పట్టపుపాళెం పోయింది. రోజారమణి ఆ రోజు బడికి పోలేదు. తల్లి కామాక్షమ్మ రొయ్యల షెడ్డులో పనికి పోయింది. పిల్ల ఒక్కతే ఇంటి ముందు పరిచిన వల మీద ఎండు చేపలు తిరగేస్తోంది. కూర్చోమని పీట తెచ్చి వేసింది, నీళ్ళు తెచ్చిచ్చింది. మగ్దలీనమ్మ నీళ్ళు ముట్టలేదు. ఊరి దగ్గర్నుంచి కూర్చుకుంటూ వచ్చిన మాటలు వరసగా అనేసింది. షారన్‌కి అన్ని లెక్కలూ వస్తాయని, నీ కోసం రానట్టు నటిస్తోందని, రేపు కూడా తప్పులు రాస్తుందని, దాంతో సీటు పోతుందని.

రోజారమణి చేపల్ని తిరగేస్తూనే ఉంది. ఒక వరస అయ్యాక మోకాళ్ళ మీద జరిగి రెండో వరసకి పోయింది.

"తెలుసవ్వా."

"ఏం తెలుసు?"

"నేను ముందురోజు యాడ తప్పుతానో, మర్నాడు అదీ ఆడే తప్పుద్ది. మొన్న నేను మైనస్ దగ్గర తప్పినా. నిన్న అది మైనస్ దగ్గరే ఆగింది. నిజంగా రానిదైతే ఇంకోచోట కూడా తప్పాల గదా." ఒక చేపకి అంటిన ఇసుక ఊది మళ్ళీ పరిచింది. "మొదట్లో కోపమొచ్చింది. తర్వాత, దానికి చెప్పాలనే పొద్దున లేచి చదువుతా ఉండా గదా, సర్లే అనుకున్నా. నాకు తెలుసని దానికి చెప్పబాకండి."

మగ్దలీనమ్మ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. లేచి నిలబడింది. రోజారమణి చేతులు కడుక్కుని లోపలికి పోయి, చదువుకోవడానికి తీసుకున్న షారన్ జామెట్రీ బాక్సూ రెండు పుస్తకాలూ తెచ్చి ఇచ్చింది. పుస్తకాలకి కొత్త అట్టలు వేసి ఉన్నాయి.

"ఇవి దానికిచ్చేయండవ్వా. రేపు పరీక్షకి కావాల."

"నువ్వే ఇయ్యొచ్చు గదా రేపు."

"మీరు ఎట్టాగూ పోతుండారు గదా," అని నవ్వింది పిల్ల.

*

దీపాలు పెట్టే వేళకి షారన్ చదువుతూ కూర్చుంది. మగ్దలీనమ్మ పొయ్యి దగ్గర జామెట్రీ బాక్సు తెరిచి చూసింది. ఎందుకు తెరిచిందో ఆమెకే తెలియదు. ఎవరి వస్తువైనా చేతికొస్తే తెరిచి చూడడం ఆమె గుణం. వృత్తలేఖిని తుప్పు గీకి, నూనె రాసి ఉంది. పెన్సిలు కొత్తగా చెక్కి ఉంది. రబ్బరుని కడిగి చిన్న గుడ్డముక్కలో చుట్టి పెట్టారు.

ఆమె మూత వేసి, మళ్ళీ తీసింది.

చెంచులక్ష్మి కూడా ఆఖరి రోజు సాయంత్రం మగ్దలీనమ్మ దగ్గర తీసుకున్న చిన్న కత్తిని తిరిగిచ్చింది. కడిగి, పదును పెట్టి, పిడికి పాత చీర ముక్క చుట్టి. రేపు ఇవ్వొచ్చు గదా అంటే నవ్వింది. మర్నాడు వ్యాను దగ్గరికి రాలేదు. ఆ పై వారం ఇల్లే ఖాళీగా ఉంది. మగ్దలీనమ్మ ఇరవై రెండేళ్ళుగా దాని గురించి అనుకోనిది లేదు. ఎవరో తన మీద చాడీలు చెప్పారనుకుంది, సూపర్‌వైజరుని అనుమానించింది, చెంచులక్ష్మి మనసులోనే కుళ్ళు ఉందనుకుంది. గుప్పెళ్ళు జారుతున్న సంగతి చెంచులక్ష్మికి తెలుసేమోనని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. తన టబ్బు ఎంత తూగాలో తన చేతులకి తెలియకుండా ఉంటుందా?

పొయ్యి మీద అన్నం పొంగి మంట ఆరిపోయింది. షారన్ వచ్చి చూసి, "ఏందవ్వా?" అంది. ఏమీ లేదంది.

*

షెడ్డు వ్యాను ఐదున్నరకి హార్బరు మలుపు దగ్గర ఆగుతుంది. శుక్రవారం మగ్దలీనమ్మ ఐదింటికే అక్కడుంది. సముద్రం మీద ఇంకా మసకగా ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే క్యారేజీలు పట్టుకుని వచ్చారు.

"ఏందవ్వా, మళ్ళీ షెడ్డుకొస్తుండావా?" అని ఒకామె పలకరించింది. "ఈ వయసులో ఐసులో చెయ్యి పెడితే మీ పరలోకం తొందరగా పిలుస్తది చూడు."

మగ్దలీనమ్మ నవ్వలేదు. దారి వైపే చూస్తోంది. చివరికి కామాక్షమ్మ వచ్చింది. వెనకాల రోజారమణి, తలకి తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకి పెద్దవైన తల్లి పాత రబ్బరు బూట్లు తొడుక్కుని నడుస్తోంది. అవ్వని చూసి ఆగిపోయింది.

మగ్దలీనమ్మ జామెట్రీ బాక్సు ముందుకు చాపింది.

"ఇది నువ్వే ఇయ్యి."

రోజారమణి తీసుకోలేదు. "నేను లేకపోతేనే అవ్వా అది సరిగ్గా రాసేది."

"అట్టా అనుకునే పోయిందొకతె. నా కత్తి కడిగిచ్చి పోయింది. నా మంచికే పోయిందేమో. నేను మాత్రం ఇన్నేళ్ళూ దాన్ని తిట్టుకుంటా బతికినా." బాక్సుని పిల్ల చేతికి ఇంకా దగ్గరగా జరిపింది. "నీకు తెలుసని దానికి నీ నోటితో చెప్పు. ఆ తర్వాత అది ఏం రాస్తదో దానిష్టం, నువ్వు యాడికి పోతావో నీ ఇష్టం. చెప్పకుండా మాత్రం పోబాక తల్లీ."

వ్యాను వచ్చి హారన్ కొట్టింది. కామాక్షమ్మ ఇద్దరి మొహాలూ చూసింది.

"సారే రావొద్దన్నాడు గదక్కా," అంది, తప్పు తనది కాదన్నట్టు.

"హాల్ టికెట్ నాడు రమ్మన్నాడు. ఈ రోజు రావొద్దనలేదు."

ఆడవాళ్ళు ఎక్కారు. కామాక్షమ్మ కూడా ఎక్కి కూర్చుంది. పక్కన కూతురి కోసం చోటు వదిలి, క్యారేజీని ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. రోజారమణి కదల్లేదు. కామాక్షమ్మ కూతురి వైపు చూసి, ఆ చోట్లో క్యారేజీ పెట్టింది. తర్వాత కిటికీలోంచి వంగి, "బూట్లిప్పి ఇటియ్యి. బడికి అవేసుకు పోతావా?" అంది.

*

పదింటికి పరీక్ష. ఆ రోజు గది, వరండా అని లేదు. అందరినీ రోలు నంబర్ల ప్రకారం ఆవరణలో బల్లలు వేసి దూరం దూరంగా కూర్చోబెట్టారు. మగ్దలీనమ్మ గేటు బయట, ఊచలు పట్టుకుని నిలబడింది.

గంట కొట్టక ముందు కుళాయి దగ్గర రోజారమణి షారన్‌తో మాట్లాడింది. ఏమన్నదో గేటు దాకా వినబడలేదు. జామెట్రీ బాక్సు చేతులు మారింది. షారన్ నేల చూపులు చూసింది. చెవులు ఎర్రబడడం ఇంత దూరం నుంచి కూడా తెలిసింది. తర్వాత ఉన్నట్టుండి రోజారమణిని భుజం పట్టుకుని గట్టిగా తోసింది. రోజారమణి తూలి, నిలదొక్కుకుని, కుళాయి నీళ్ళు దోసిట పట్టి షారన్ మొహాన కొట్టింది. కిషోర్ బాబు ఇద్దరినీ కేకలేశాడు. చెరో బల్ల దగ్గరికీ పోయారు.

కాగితాలు పంచారు.

మగ్దలీనమ్మకి వాళ్ళు ఏం రాస్తున్నారో తెలియదు, తెలిసే దారి కూడా లేదు. ఆమె చేతులే చూసింది. రోజారమణి చెయ్యి మెల్లిగా, గట్టిగా నొక్కుతూ పోతోంది. అక్కడక్కడా ఆగుతోంది. ఆగిన చోటే కళ్ళూ ఆగుతున్నాయి, మళ్ళీ రెండూ కలిసి కదులుతున్నాయి. షారన్ చెయ్యి మొదటి పేజీలో ఒకసారి నిలిచింది. అవ్వ ఊచలని బిగించి పట్టుకుంది. షారన్ తడి జుట్టు వెనక్కి తోసుకుని మళ్ళీ కాగితం మీదికి వంగింది. ఆ తర్వాత చెయ్యి ఎక్కడా ఆగలేదు. పేజీ తిరిగింది, ఇంకో పేజీ తిరిగింది. స్కేలు పెట్టి కొట్టివేసింది ఒక్కటీ లేదు. ఆ చెయ్యి అట్లా పోతూ పోతూ నెల్లూరు దాకా పోతుందని, రాత్రి ఎనిమిదింటికి ఇక రెండు ఫోన్ల కోసం ఎదురుచూడాల్సి వస్తుందని ఆమెకు అర్థమవుతూనే ఉంది. ఊచలు ఎండకి కాలుతున్నా చేతులు తియ్యలేదు.

ఇంకా అరగంట ఉందనగా ఒకరిద్దరు లేచి కాగితాలిచ్చి బయటికొచ్చారు. షారన్ చెయ్యి ఆగింది. పెన్ను మూత పెట్టింది. పేజీలు సర్ది దారం కట్టింది. కిషోర్ బాబు దగ్గరికొచ్చి కాగితాల కోసం చెయ్యి చాపాడు. షారన్ తల అడ్డంగా ఊపి, వాటి మీద మోచేతులు ఆనించి, నాలుగు బల్లల అవతల ఇంకా రాస్తున్న రోజారమణి చేతిని చూస్తూ కూర్చుంది.